కరెన్సీ నోటుపై కవిత: బ్రెజిల్ 50 క్రుజాదో నోవోల నోటు – విమర్శనాత్మక పరిశీలన

కవిత సాధారణంగా పుస్తకంలోనో పత్రికలోనో పాఠకుడిని చేరుతుంది. 1989లో బ్రెజిల్ కేంద్ర బ్యాంకు ఒక కవితను కరెన్సీ నోటు వెనుక ముద్రించి దేశమంతటా చెలామణిలోకి పంపింది. ఆ నోటు విలువ 50 క్రుజాదో నోవోలు. కవి కార్లోస్ ద్రుమోంద్ ది అంద్రాది (1902-1987). కవిత 1948 నాటి ‘నోవోస్ పోయెమాస్’ సంపుటిలోని ‘కాన్సావ్ అమీగా’, అంటే స్నేహగీతం. రచయితకు రాజ్యం చేసిన సత్కారంగా ఈ నోటును వర్ణించి ఊరుకోవడం సులభం. అయితే ఆ సత్కారానికి ఎంచుకున్న కాగితం, ఎంచుకున్న కాలం రెండూ నిలకడ లేనివి. అందువల్ల నోటు మీది కవితను పుస్తకంలోని కవితగానే చదవడం సాధ్యం కాదు.

ఆ కాలపు బ్రెజిల్ ద్రవ్యచరిత్ర తెలియనిదే ఈ నోటు అర్థం కాదు. 1986లో వెయ్యి పాత క్రుజెయిరోలు ఒక క్రుజాదో అయ్యాయి. 1989 జనవరిలో వెయ్యి క్రుజాదోలు ఒక క్రుజాదో నోవో అయ్యాయి. 1990 మార్చిలో విలువ మార్చకుండా పేరు మాత్రం మళ్ళీ క్రుజెయిరోగా మార్చారు. 1993లో క్రుజెయిరో రెయాల్, 1994 జూలై 1న రెయాల్ వచ్చాయి. ఎనిమిదేళ్ళు దాటాయో లేదో, అయిదు ద్రవ్యాలు. 1989లో ధరల పెరుగుదల 1900 శాతం దాటింది. మనిషి జేబులో నోటు వారాల వ్యవధిలోనే చిల్లరగా మారే రోజులవి.

ఆ రోజుల్లోనే కేంద్ర బ్యాంకు సాహిత్యకారుల వైపు మొగ్గింది. 1987లో 1000 క్రుజాదోల నోటుపై నవలాకారుడు మషాదు ది అస్సిస్, 1989లో 50, 100 క్రుజాదో నోవోల నోట్లపై ద్రుమోంద్, సెసీలియా మెయిరెలెస్ కనిపించారు. ద్రుమోంద్ మరణించింది 1987 ఆగస్టులో. రెండేళ్ళు తిరగకుండానే ఆయన ముఖం ద్రవ్యం మీదికి ఎక్కింది. కవికి సమాజంలో ఉన్న గౌరవాన్ని చూపడంతోపాటు, విశ్వాసం కోల్పోతున్న కాగితానికి విశ్వసనీయమైన ముఖం ఒకటి అరువు తెచ్చుకోవలసిన అవసరాన్ని కూడా ఈ తొందర సూచిస్తుంది.

నోటు ముందువైపు కవి ముఖచిత్రం, దాని పక్కన ఆయన జన్మస్థలం ఇతబీర దృశ్యం ఉన్నాయి. మీనస్ జెరైస్ రాష్ట్రంలోని ఈ ఊరు ఇనుప ఖనిజానికి ప్రసిద్ధి. 1942లో ప్రభుత్వ సంస్థగా ఏర్పడిన వాలి దో రియో దోసి గనుల సంస్థ ఇక్కడ తవ్వకాలు సాగించింది. ఊరికి గుర్తుగా నిలిచిన కావ్యే శిఖరం ఆ తవ్వకాలలో కరిగిపోయింది. ద్రుమోంద్ ఆ విధ్వంసం గురించి కవితల్లోనూ పత్రికారచనల్లోనూ బాధతో, వ్యంగ్యంతో రాశారు. నోటు మీది దృశ్యం మాత్రం పాత ఊరి ప్రశాంతరూపాన్నే చూపుతుంది. కొండను తవ్వించినదీ, కవి ముఖం పక్కన ఊరిని చెక్కించినదీ ఒకే రాజ్యం. స్వీకరణ ఎంపికతో కూడినదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

వెనుకవైపు రచనలో నిమగ్నుడైన కవి చిత్రం, దానితోపాటు ‘కాన్సావ్ అమీగా’ పాఠం ఉన్నాయి. మనుషులందరిదీ అయ్యే ఒక పాటను గురించిన కవిత ఇది. తల్లులు తమను తాము గుర్తించుకోగలిగే పాట కావాలన్నది అందులోని ఆకాంక్ష. చేతులు మారడమే జీవితంగా గల వస్తువు మీద ఇలాంటి కవితను ముద్రించడంలో ఔచిత్యం ఉంది. ఎంపిక చేసినవారి సాహిత్యాభిరుచిని మెచ్చుకోవలసిందే. కాని నోటు చేతులు మారేది స్నేహం వల్ల కాదు. ద్రవ్యోల్బణం తీవ్రమైన వేళ అందిన నోటును ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మేలు. కవిత కోరిన ప్రయాణాన్ని నోటు చేసింది, కవిత ఊహించని కారణంతో చేసింది.

1990లో పాత నోట్ల మీద కొత్త ద్రవ్యం పేరుతో దీర్ఘచతురస్రాకార ముద్ర వేశారు. 1986లో గుండ్రటి ముద్ర, 1989లో త్రిభుజం, 1993లో మళ్ళీ గుండ్రటి ముద్ర. సేకర్తలకు ఈ ఆకారాలు కంఠస్థం. మషాదు నోటు మీద త్రిభుజం పడగానే 1000 అంకె 1గా మారింది. మనుషుల హోదాను, వాటి వెనుక డాంబికాన్ని అంత నిశితంగా చూసిన నవలాకారుడి ముఖం పక్కనే ఇది జరగడం ఆయన కథల్లోని సన్నివేశంలా ఉంటుంది. ద్రుమోంద్ నోటు విషయం వేరు. ముద్రకు ముందు 50, తరువాత కూడా 50. పోయిన విలువ ముద్రలో కనిపించదు. అది బజారులో పోయింది. 1990 మార్చి ఒక్క నెలలోనే ధరలు 80 శాతానికి పైగా పెరిగాయి. అదే నెలలో ప్రభుత్వం 50,000 క్రుజాదో నోవోలకు మించిన బ్యాంకు నిల్వలను 18 నెలల పాటు స్తంభింపజేసింది. అంటే వెయ్యి ద్రుమోంద్ నోట్ల వరకే మనిషికి తన డబ్బు మీద అధికారం మిగిలింది.

ఫ్రెంచి విమర్శకుడు జెరార్డ్ జెనెట్ శీర్షిక, ముందుమాట, ముఖపత్రం వంటివాటిని ‘పారాటెక్స్ట్’ అన్నాడు. ఈ ముద్ర కూడా ఒక విచిత్రమైన పారాటెక్స్ట్. కవితలో ఒక్క అక్షరాన్ని తాకకుండానే, ఆ కవిత నిలుచున్న వాగ్దానాన్ని కొట్టివేసి మరో వాగ్దానం రాస్తుంది. 1994 మారకం ప్రకారం ఒక రెయాల్ 27,50,000 క్రుజెయిరోలకు సమానం. ఆ లెక్కన ఒక సెంతావో కావాలంటే 550 ద్రుమోంద్ నోట్లు కావాలి.

100 క్రుజాదో నోవోల నోటుపై ఉన్న సెసీలియా మెయిరెలెస్ (1901-1964) తెలుగు పరిశోధకుల ప్రత్యేక శ్రద్ధకు అర్హురాలు. రవీంద్రుని రచనలను పోర్చుగీసులోకి అనువదించిన ఈ కవయిత్రి 1953లో గాంధీ చింతనపై జరిగిన సదస్సుకు భారతదేశం వచ్చారు. ఆ పర్యటన ఫలితమైన ‘పోయెమాస్ ఎస్క్రీతోస్ నా ఇండియా’ సంపుటిలో గోల్కొండ మీద ఒక కవిత, హైదరాబాదులోని ఒక అంధుడి మీద మరొక కవిత ఉన్నాయి. నోటు మీద మాత్రం భారతదేశం జాడ లేదు. బాలల ఊహాలోకం, జానపద నృత్యాలను గురించి ఆమె స్వయంగా గీసిన బొమ్మలు ఉన్నాయి. జాతీయ ద్రవ్యం రచయితలోని జాతీయాంశాన్నే తీసుకుంటుంది. ఇతబీర చిత్రంలో కనిపించిన ఎంపికే ఇక్కడ ఇంకొక రూపంలో పని చేసింది.

రెయాల్ నోట్ల మీద రచయితలు లేరు. ఒకవైపు గణతంత్రానికి ప్రతీకగా స్త్రీ ముఖం, మరోవైపు జంతువులు, పక్షులు, చేపలు ఉంటాయి. రచయితల నోట్లు సేకర్తల సంపుటాల్లోకి చేరాయి. అక్కడి విలువకట్టు పద్ధతి వేరు. మడత పడని, చెలామణిలోకే రాని ప్రతికి ఎక్కువ ధర. నలిగి, అంచులు చిరిగిన ప్రతికి దాదాపు ఏమీ రాదు. అందరి చేతుల్లోకీ వెళ్ళాలని కోరిన కవిత, ఎవరి చేతిలోకీ వెళ్ళని కాగితం మీద ఉన్నప్పుడే ఖరీదైనదవుతోంది. సేకర్తను తప్పుపట్టవలసిన పని లేదు, అతడు భద్రపరచకపోతే పరిశోధకుడికి చూడడానికి నోటే ఉండదు. అయితే ఈ కవిత ఎలా చదవబడిందో తెలుసుకోవాలంటే పరిశోధకుడు అడగవలసింది రెండో రకం ప్రతిని, ముద్ర పడి, మడతల వెంట పంక్తులు చెరిగిన నోటును.