ముందు రెండు, వెనక నాలుగు

పానా పట్టకముందే మెకానిక్ టేపు పట్టారు. డాలస్ శివారులో రెండు బళ్లు పట్టేంత గ్యారేజీ అది. మధ్యలో 1997 నాటి షెవర్లే కె1500 పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. ఒక్కో చక్రం దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, హబ్ మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి, ఆ అంకెను పక్కనే నేల మీద సుద్దతో రాశారు. నేల నుంచి కొలిస్తే తేలిక కదా అని అడిగాను. "టైరు అరుగుతుంది, గాలి తగ్గుతుంది. ఆ తేడాలు నా లెక్కలోకి రాకూడదు" అన్నారు. డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర పావు అంగుళం తక్కువ వచ్చింది. ఇన్నేళ్లూ మనిషి కూర్చున్న వైపు అది. ఆ పావు అంగుళం కింద ఓ గీత గీసి లేచారు.

బండి ముందు రెండంగుళాలు, వెనక నాలుగంగుళాలు దిగాలి. ఈ తేడా ఎందుకంటే, కంపెనీ నుంచి వచ్చే పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగానే నిలబడుతుంది. సామాను పడితే వెనక భాగం కుంగి బండి సమంగా వస్తుందని అలా చేస్తారు. బరువులు పెద్దగా మొయ్యని యజమానికి ఆ ఎత్తుతో పనిలేదు. వెనక ఎక్కువ దించితేనే ఖాళీ బండి నేలకు సమాంతరంగా ఉంటుంది.

నేను విజయవాడవాణ్ణి. ఆటోనగర్‌లో కమాన్ల పని చూస్తూ పెరిగాను. మా దగ్గర లారీ కమాను విప్పారంటే బరువు కోసం ఇంకో పట్టీ చేర్చడానికే. బండిని కిందికి దించడం, అదీ రాళ్లూ బురదా దాటడానికి ఎత్తుగా కట్టిన బండిని దించడం నాకు మొదట మింగుడు పడలేదు. ఆ సందేహం తీర్చింది ఓ పాత బండి చరిత్ర. 1991లో జీఎంసీ వాళ్లు సైక్లోన్ అనే చిన్న పికప్ తెచ్చారు. మిషిగన్‌లోని ప్రొడక్షన్ ఆటోమోటివ్ సర్వీసెస్ సంస్థ దాన్ని తయారుచేసింది. 4.3 లీటర్ల వీ6 ఇంజన్‌కు టర్బో తగిలించి 280 హార్స్‌పవర్ రాబట్టారు. ఆ శక్తిలో 35 శాతం ముందు చక్రాలకు, 65 శాతం వెనక చక్రాలకు వెళుతుంది. నాలుగు చక్రాలూ లాగే ఆ పికప్‌ను కంపెనీయే కిందికి దించి అమ్మింది. అదే ఏడు 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక దాన్ని ఫెరారీ 348తో పోటీకి నిలబెడితే పావు మైలు దూరాన్ని సైక్లోన్ 14.1 సెకన్లలో దాటింది, ఫెరారీకి 14.5 పట్టింది. కట్టినవి మూడు వేల లోపే. మోయగల బరువు 500 పౌన్లు మాత్రమే. ఆ లెక్కన అది సరుకు బండి కిందకు రాదు. కానీ వానలో తడిసిన తారు రోడ్డు మీద నాలుగు చక్రాల పట్టు, కిందికి దిగిన బరువు రెండూ కలిస్తే ఏమవుతుందో అది చూపించింది. ఈ షెవర్లే యజమాని కోరిక కూడా అదే.

టూ వీల్ డ్రైవ్ పికప్‌ను దించడం సులువు. ముందు చక్రాన్ని మోసే స్పిండిల్ తీసేసి, చక్రం ఇరుసు కాస్త పైకి ఉండే స్పిండిల్ బిగిస్తే బండి దిగిపోతుంది, స్ప్రింగును ముట్టుకోనక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో మామూలుగా ఆ దారి మూసుకుపోతుంది. అక్కడ హబ్ నడుమ గుండా డ్రైవ్ షాఫ్ట్ దూరి ఉంటుంది. హబ్‌ను పైకి జరిపితే షాఫ్ట్ కొస కూడా పైకి పోవాలి. కాబట్టి ఎత్తు తగ్గించాలంటే స్ప్రింగు దగ్గరికే వెళ్లాలి.

ఈ బండికి ముందు స్ప్రింగు అంటే చుట్టలు తిరిగిన కాయిల్ కాదు, ఛాసిస్ వెంట పొడవునా సాగిన ఉక్కు కడ్డీ. టార్షన్ బార్ అంటారు. దాని ముందు కొస చక్రాన్ని మోసే కింది ఆర్మ్‌లో ఇరుక్కుని ఉంటుంది, వెనక కొస ఛాసిస్ అడ్డ దూలంలో. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా కడ్డీ తడి తువ్వాలు పిండినట్టు మెలి తిరిగి, మళ్లీ విడుస్తుంది. ఫెర్డినాండ్ పోర్షే 1931లో దీనికి పేటెంట్ కోరాడు. 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారు దీని మీదే నడిచింది. నేను చూసిన స్ప్రింగులన్నిటిలో ఇంత పొదుపైనది లేదు. ఒక్క ముక్క ఉక్కు, కదిలే కీళ్లేవీ లేవు.

కడ్డీ వెనక కొసకు కీ అనే ఉక్కు చేయి ఉంటుంది. దాన్ని కింద నుంచి ఓ బోల్టు నెడుతుంది. బోల్టు వదులు చేస్తే బండి దిగుతుంది. పది నిమిషాల పని, చాలామంది దీంతోనే సరిపెట్టుకుంటారు. ఆయన అలా ఒప్పుకోలేదు. బోల్టును చివరిదాకా వదిలేస్తే తర్వాత ఎత్తు సరిచూసుకునే వీలు మిగలదు, కుడి ఎడమల తేడా దిద్దడానికి చోటుండదు. పోనీ కీని ఊడదీసి ఒక పలక తిప్పి పెడదామా అంటే, కడ్డీ కొసకు ఉన్నవి ఆరు పలకలే. ఒక పలక తిప్పితే ఏకంగా 60 డిగ్రీలు, అది చాలా ఎక్కువ. అందుకే దించడం కోసం వేరే కీలు తయారుచేస్తారు. చూడటానికి అవే, లోపలి ఆరు పలకల రంధ్రం మాత్రం కొన్ని డిగ్రీలు తిరిగి ఉంటుంది. పాత కీనీ కొత్త కీనీ అరచేతుల్లో పక్కపక్కన పెట్టి చూపించారు. ముందు తేడా కనిపించలేదు. అంచును అంచుకు ఆనించి వెలుతురుకు పట్టినప్పుడు కనిపించింది. బండి దిగే రెండంగుళాలూ ఆ సన్నని వారలోనే ఉన్నాయి.

కీ విప్పడం ప్రాణం మీదికి తెచ్చే పని. మెలి పెట్టిన కడ్డీలో బండి ముందు భాగాన్ని మోసే బలం బిగిసి ఉంటుంది. లావు స్క్రూ ఉన్న పట్టును దూలానికి తగిలించి, కీని దాంతో నొక్కిపట్టి, బోల్టు తీసి, తర్వాత స్క్రూ కొద్దికొద్దిగా వదిలారు. అంతసేపూ ఆయన ముఖం కీకి ఎదురుగా రాలేదు, భుజం పక్కకే ఉంచి చేతులు మాత్రం లోపలికి పెట్టారు. కడ్డీలు బయటికి వచ్చాక కొస మీదున్న ఎడమ, కుడి గుర్తులు చూసుకుని వేరువేరు గుడ్డల మీద పరిచారు. తయారీలోనే వాటిని ఒక దిక్కుకు మెలి అలవాటు చేస్తారు, అటుది ఇటు వేస్తే చెడిపోతాయి. వాటిని సుత్తితో తాకనివ్వలేదు. మెలి పడ్డ కడ్డీలో ఒత్తిడంతా పైపొర మీదే ఎక్కువగా ఉంటుంది. గోరంత గీత కూడా పగులుకు మొదలవుతుంది.

బోల్టు తిప్పితే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది నమ్మకం. అది పొరపాటు. కడ్డీ బిరుసును నిర్ణయించేది దాని మందం, పొడవు. మందం పది శాతం పెరిగితే బిరుసు సుమారు 46 శాతం పెరుగుతుంది. బోల్టు మార్చేది ఎత్తును మాత్రమే. చిక్కంతా ఇక్కడే ఉంది. బిరుసు అలాగే ఉంది, చక్రం పైకి లేవడానికి ఉన్న చోటు రెండంగుళాలు తగ్గింది. ఇకపై ప్రతి గుంతకూ కింది ఆర్మ్ బంప్ స్టాప్ రబ్బరును ముందుకంటే తొందరగా తాకుతుంది. ఆ రబ్బరు మార్చకుండా దించిన బండి స్ప్రింగు మీద కాక రబ్బరు మీద నడుస్తుంది, నడుము విరగ్గొడుతుంది. ఆయన దాని స్థానంలో పొట్టి పాలీయురెథేన్ స్టాప్ వేశారు. మొదట మెత్తగా ఒదిగి, నొక్కేకొద్దీ గట్టిపడే రకం. షాక్ అబ్జార్బర్లు కూడా ఆ కొత్త ఎత్తుకు తగిన పొట్టివే. లావు కడ్డీలు వేసే అవకాశం ఉన్నా వద్దనుకున్నారు. రెండంగుళాలకు అవి అక్కర్లేదని ఆయన తీర్పు, బండి నడిపి చూశాక నాదీ అదే.

కడ్డీలు బయట ఉన్నప్పుడే చేసిన ఇంకో పని నాకు అన్నిటికన్నా నచ్చింది. అప్పుడు కింది ఆర్మ్‌ను పట్టి ఉంచే బలమేదీ లేదు. జాకీతో దాన్ని మెల్లగా లేపుతూ, బంప్ స్టాప్ తాకేదాకా తీసుకెళ్లి, ప్రతి అంగుళానికీ ఆగి, డ్రైవ్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పారు. ఈ బండిలో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కనుక బండి ఎంత దిగినా దానికి వచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారదు. మారేది డిఫరెన్షియల్ నుంచి చక్రానికి పోయే రెండు షాఫ్టుల వాలే. మామూలు ఎత్తులో అవి చక్రం వైపు కిందికి వాలి ఉంటాయి. బండిని ఇంకా ఎత్తు చేస్తే ఆ వాలు పెరిగి సీవీ జాయింట్లు త్వరగా అరుగుతాయి. దించితే మొదట అవి తిన్ననవుతాయి, వాటి కష్టం తగ్గుతుంది. మరీ దించితే ఎదురు వాలు పడుతుంది, లోపలి జాయింట్ తన గిన్నెలో అడుగుకు తగలొచ్చు కూడా. ఈ బండికి ఎక్కడ ఆపాలో కాగితం చెప్పదు. తిప్పుతున్న చేతికి ఎక్కడైనా బిగువు తగులుతుందా అని ఆయన వెతికారు. తగల్లేదు. ఆ తర్వాతే కొత్త కీలు ఎక్కించారు.

వెనక పని మోటుది. కమాను ముందు కొసను పట్టే హ్యాంగర్‌ను ఛాసిస్‌కు రివెట్లతో కొట్టి ఉంటారు. తలలు గ్రైండ్ చేసి, నడిమి భాగం డ్రిల్లుతో తొలిచి, పంచ్‌తో కొట్టి దించేసరికి మధ్యాహ్నం దాటింది. ఛాసిస్‌ను గ్రైండర్ రాయి ఒక్కసారి కూడా తాకలేదు. కొత్త హ్యాంగర్లు బోల్టులతో బిగించారు. వెనక కొసన షాకిల్ కూడా మార్చారు. రెండు కొసలూ సమంగా పైకి జరిగితే యాక్సిల్ తన తీరున ఉంటుంది. ఒక్క కొసే జరిగితే కమాను వాలి, దాంతోపాటు యాక్సిల్ తిరిగి, పినియన్ ముక్కు పైకో కిందికో చూస్తుంది. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్ కోణాలు సరిపోలవు. ఆ జాయింట్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. రెండో కొసన ఉన్నది సమాన కోణంలో లేకపోతే ఆ ఎగుడుదిగుడు చెరగదు, హైవే మీద బండి వణుకుతుంది. కోణం కొలిచే పరికరం పెట్టి చూసి, యాక్సిల్‌కూ కమానుకూ మధ్య సన్నని వార పట్టీ ఒకటి దూర్చి సరిచేశారు. యూ బోల్టులు కొత్తవి వేశారు. ఒకసారి బిగించి సాగినవి మళ్లీ వాడకూడదని ఆయన నియమం, పాతవి బాగానే కనిపించినా సరే.

నట్లు బిగించే వరస కూడా చూడదగ్గదే. రబ్బరు బుష్ ఉన్న చోటల్లా నట్టు చేతి బిగువుకే ఆపి, బండి చక్రాల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించారు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోయి, దించగానే మెలి తిరిగి, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. కొన్ని మైళ్లు తిప్పుకొచ్చి, సుద్ద అంకెల పక్కన కొత్త అంకెలు రాసి, డ్రైవరు వైపు బోల్టు కాస్త తిప్పారు. పొద్దున గీత గీసిన పావు అంగుళం అలా పోయింది. దించితే ముందు చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది కనుక చివరగా పై ఆర్మ్ క్యామ్‌లు జరిపి క్యాంబర్, తర్వాత టో సరిచేయించి, హెడ్‌లైట్ల గురి కూడా దిద్దారు.

ఈ చేతివాటం ఎక్కడిదో ఆయన మాటల్లో తెలిసింది. కుర్రతనం లాస్ ఏంజలిస్‌లో, కార్లను నేలకు దగ్గరగా దించి నడిపే మెక్సికన్ అమెరికన్ లోరైడర్ల మధ్య గడిచింది. 1958 నుంచి కాలిఫోర్నియాలో బండిలోని ఏ భాగమూ చక్రం రిమ్ అడుగు కన్నా కిందికి ఉండకూడదనే చట్టం ఉండేది. అది తప్పించుకోవడానికే 1959లో రాన్ అగిర్రె అనే అతను హైడ్రాలిక్ పంపులతో ఎత్తు మార్చుకునే కారు చేశాడు. 2024 జనవరి నుంచి ఆ చట్టం లేదు. అయినా రిమ్ అడుగుకు పైనే ఆగాలని ఈయన ఇప్పటికీ పాటిస్తారు. టైరు పగిలిన రోజున ఛాసిస్ రోడ్డుకు ఆనకూడదు కదా.

మన దేశంలో మాత్రం ఇలాంటి పనికి తొందరపడొద్దు. కంపెనీ నిర్దేశించిన తీరు నుంచి బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ చెప్పింది. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కైనా అది వర్తిస్తుంది. అమెరికాలో ఉన్నవారు ఇప్పటికే దించిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొనబోతుంటే పెయింటు చూసి మురిసిపోకండి, బండి కిందికి దూరండి. ముందు టైర్ల లోపలి అంచు తడమండి, బంప్ స్టాప్ రబ్బరు నలిగి ఉందేమో చూడండి, కీ బోల్టుకు ఇంకా తిరిగే చోటు మిగిలిందో లేదో లెక్కపెట్టండి. పాత టొయోటా అయితే వెనక బ్రేకు ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు కడ్డీని సర్దారా అని తప్పక అడగండి. అది సర్దకపోతే బండి దిగినందుకే బరువెక్కిందనుకుని, వాల్వు వెనక చక్రాలకు ఎక్కువ బ్రేకు పంపి, వానలో వాటిని లాక్ చేసేస్తుంది.