ఇనుము వెళ్ళిన దారి

కిరండూల్ పాసింజరు బొడ్డవర దాటిందంటే కొండలు మొదలు. శివలింగపురం, తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, వెలుతురు రాగానే తల్లులు కసురుతారు. ఎక్కడో ఒకచోట మన బండిని పక్కకు నిలిపేస్తారు. ఎర్రధూళి మెత్తుకున్న వ్యాగన్లు, లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగొచ్చేదాకా, ఎదురుగా దిగుతూ పోతాయి. కోప్పడి లాభం లేదు, ఈ లైను వేసిందే వాటికోసం. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం విశాఖ రేవుకు చేరాలనే అరకు కొండల్ని తొలిచారు. అద్దాల బోగీ, బొంగు చికెన్, సెల్ఫీలు ఆ తర్వాతి ముచ్చట్లు.

హయావో మియజాకి తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకె’ గురించి రాయాలంటే ఈ బండి దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తుంది నాకు. ఆ కథకూ ఇనుమే మొదలు. ఒళ్ళంతా నల్లటి పురుగుల్లా శాపం కమ్మిన అడవిపంది దేవుడొకడు ఊరి మీద పడతాడు. అషితాక అనే కుర్రాడు బాణంతో పడగొడతాడు, శాపం అతని చేతికి అంటుకుంటుంది. చచ్చిన పంది ఒంట్లో దొరికింది చిన్న ఇనుప గుండు. అషితాకది ఎమిషి తెగ. రాజ్యం తరిమేస్తే ఈశాన్యపు కొండల్లో తలదాచుకున్న జనం వాళ్ళు. ఇక మోనోనోకె అంటే, గాలి సోకిందంటామే, ఆ గాలి. ఊరవతల చెట్టుకింద రాయిలో శంకుదేవుణ్ణి కొలిచే మన్యంలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు.

యానిమే మీద రాసేవాళ్ళకు ఒక దురలవాటుంది. కథ చెప్పేసి, పోరాటాలు లెక్కేసి, పదికిన్ని మార్కులు వేసి లేచిపోతాం. గీసిన చేతిని చూడం. ఈ సినిమాకు సుమారు 1,44,000 సెల్లులు పట్టాయి. సెల్లంటే పారదర్శకమైన రేకు మీద గీసి రంగులద్దిన బొమ్మ. వాటిలో 80,000 దాకా మియజాకి తానే దిద్దాడంటారు. సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతాయి గాని, జపాన్ వాళ్ళు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు. 1963లో ‘ఆస్ట్రో బాయ్’ టీవీ సీరియల్ తీస్తూ ఒసాము తెజుకా, డబ్బూ టైమూ చాలక బొమ్మల లెక్క బాగా తగ్గించాడు. ఆ పొదుపే పోనుపోను శైలి అయింది. ఏది కదలాలి, ఏది ఊరికే ఉండాలి అన్నదే అక్కడ విద్య.

ఊరికే ఉండేది ముఖ్యంగా అడవి. దాన్ని గీయడానికి ముందు చిత్రకారుల్ని యకుషిమ దీవి వానల అడవికి తీసుకెళ్ళారు. కజువో ఓగా, నిజో యమమోతో వంటివాళ్ళ చేతిలో పచ్చ ఒక్క రంగుగా మిగల్లేదు. నాచుది ఒక పచ్చ, నీళ్ళలో తడిసిన వేరుది ఇంకొకటి. శ్రావణంలో అనంతగిరి ఘాట్ ఎక్కినవాళ్ళకు తెలుసు ఈ తేడా: కాఫీ ఆకు మెరుస్తుంది, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ గాలికి తిరగబడి బూడిదరంగు చూపిస్తుంది, వాటి వెనక అసలు అడవి నల్లగా ఉంటుంది.

జపనీయులు ‘మా’ అని ఒక మాట వాడతారు. రెండు చప్పుళ్ళ మధ్య ఖాళీ అనుకోండి. ఈ సినిమాలో అడవిదేవుడు షిషిగామి నడిచి వస్తాడు. కాలు మోపినచోట మొక్కలు పుట్టుకొస్తాయి, కాలు తీయగానే వాడిపోతాయి. సంగీతం తప్పుకుంటుంది. ఇదే మన దగ్గరైతే డప్పులు, శంఖాలు, స్లో మోషను!

కానీ నన్ను పదేపదే వెనక్కి లాగేది ఎబోషి. అడవి నరికి ఇనుము కరిగించే కోటకు యజమానురాలు. ఆ గుండు ఆమె పేల్చిందే. మామూలు కథలో ఆమె ప్రతినాయకి. ఇక్కడ ఆమె వేశ్యావాటికల నుంచి ఆడపిల్లల్ని కొని విడిపించింది, కుష్ఠురోగుల పుళ్ళు తన చేత్తో కడిగింది. జపాన్ పాతకాలపు ‘తతర’ కొలిమి దేవతకు ఆడవాళ్ళంటే గిట్టదని, వాళ్ళను ఆ ఛాయలకే రానిచ్చేవారు కాదు. మియజాకి ఆ ఆచారాన్ని తిరగేసి, కొలిమి తిత్తులు ఆడవాళ్ళ చేతే తొక్కించాడు. వాళ్ళ పాట, వాళ్ళ ఎకసెక్కాలు విన్నాక ఆ కొలిమి ఆరిపోవాలని కోరుకోవడం కష్టం. మన్యంలో గాలికొండ బాక్సైటు తవ్వకాల గొడవల కాలంలో, ఉద్యోగాలొస్తాయన్న మాట విని వెంటనే కాదనలేకపోయిన వాళ్ళ ముఖాలు నాకు అక్కడ కనిపిస్తాయి.

ఒక తేదీ చెప్పి ముందుకు పోతాను. 1997 జులై 11న సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు ఇచ్చింది. అది బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ గనుల లీజుల నుంచి పుట్టిన కేసు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. మర్నాడే, జులై 12న, జపాన్‌లో ఈ సినిమా విడుదలైంది. కాకతాళీయమే, అయినా మరిచిపోలేను.

నటులతో తీసిన సినిమాల్లో దీని పక్కన పెట్టదగ్గది అకిర కురొసావా ‘డెర్సు ఉజాలా’ (1975). సైబీరియా అడవుల్ని కొలిచి పటాలు గీసే రష్యన్ అధికారికి దారి చూపిన నానాయ్ తెగ వేటగాడి కథ. గడ్డకట్టిన సరస్సు మీద పొద్దుగూకుతుంటే ఇద్దరూ తప్పిపోతారు. డెర్సు గడ్డి కోయమంటాడు. కోస్తూనే ఉంటారు. సర్వే పరికరం స్టాండును గుంజలా నిలిపి, దాని మీద గడ్డి కప్పి ప్రాణాలు దక్కించుకుంటారు. కెమెరా దూరం నుంచి కదలదు. బొమ్మలో గాలిని గీయాలి, ఇక్కడ గాలి వీచేదాకా కాచుకోవాలి. ఓపిక మాత్రం రెండుచోట్లా ఒకటే. పటం గీసేవాడు ఎంత మంచివాడైనా అతని వెనక ఎవరొస్తారో కురొసావా గట్టిగా చెప్పడు, చూపించి ఊరుకుంటాడు.

మోనోనోకెలో లోపాలు లేవా? ఉన్నాయి. తోడేళ్ళు పెంచిన పిల్ల సాన్ పేరే సినిమాకు పెట్టి, ఆమె మనసులోకి సగమే వెళ్ళనిచ్చారు. చివరి అరగంటలో హడావుడి ఎక్కువ.

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగుతో హాళ్ళకొచ్చింది. రేపు సాన్‌కూ తెలుగు గొంతు పెడితే ఆమె ఏ తెలుగు మాట్లాడాలి? స్టూడియో తెలుగైతే ఆ పిల్ల అక్కడే చచ్చిపోతుంది. అరకు సంతలో పిప్పళ్ళు అమ్మేవాళ్ళ తెలుగు ఒకసారి విని రాసుకుంటే మంచిది.

రెండోసారి చూసేవాళ్ళు ముగింపులో కొండ రంగు చూడండి. దేవుడు కూలాక పచ్చదనం తిరిగి కమ్ముకుంటుంది. అది లేతపచ్చ, గడ్డీ చిన్న మొక్కలూను. మొదట చూసిన నల్లటి అడవి లేదు, ఆ మహావృక్షాలు లేవు. ఆఖరి దృశ్యంలో చెట్ల భూతం ఒకటి, చిన్నది, ఒక్కటే నిలబడి తల గలగలలాడిస్తుంది.