గరగరమన్న డిస్కు

పోయిన ఆదివారం మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అమీర్‌పేట నుంచి ఖైరతాబాద్‌లోని మా ఇంటికొచ్చాడు. అక్కడ ఏదో కోర్సు చేస్తున్నాడు. కోర్సు సంగతేమో గానీ చదరంగం మాత్రం బాగా వంటబట్టింది. చెప్పులు విప్పకముందే ఫిర్యాదు.

"మామయ్యా, టేబుల్‌బేసులు పెట్టినంక స్టాక్‌ఫిష్ ఇంకా మొద్దువారింది. అవి లేనప్పుడే నయముండె."

"ఎక్కడ పెట్టినవ్‌రా?"

"బయటి హార్డ్‌డిస్కుల."

నాకు నవ్వాగలేదు. ఇరవయ్యేళ్ల కింద అదే అమీర్‌పేటలో నేనూ ఈ బాధే పడ్డాను. చెప్పుకోడానికి అప్పుడు ఎవరూ దొరకలేదు, అంతే తేడా.

చదరంగం జోలికి పోనివాళ్ల కోసం ఒక మాట. స్టాక్‌ఫిష్ అంటే చదరంగమాడే ప్రోగ్రామ్. బోర్డు మీద రాజులతో కలిపి ఐదో ఆరో పావులు మిగిలినప్పుడు, వాటిని ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చో అన్ని రకాలకూ గెలుపా, ఓటమా, డ్రానా అన్నది ముందే తేల్చి పెట్టుకున్న ఫైళ్లే టేబుల్‌బేసులు. లెక్క వెనక నుంచి నడుస్తుంది. ఆటకట్టు అయిన స్థితుల దగ్గర మొదలుపెట్టి, దానికి ముందు ఎత్తేమిటి, దానికీ ముందు ఏమిటి అని తవ్వుకుంటూ పోతారు. యూనిక్స్‌కు ప్రాణం పోసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ బెల్ ల్యాబ్స్‌లో ఈ పని చేశాడు. 1970ల చివర్లో ఆయన యంత్రం బెల్‌తో అమెరికా గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్ పందెం కాశాడు. బ్రౌన్‌కు మంత్రి, యంత్రానికి ఏనుగు. సరిగ్గా ఆడితే దాదాపు ముప్పై ఎత్తుల్లో గెలిచే స్థితి. యాభై ఎత్తుల గడువున్నా ఆయన గెలవలేక, నలభై అయిదు దాకా ఆడి డ్రాకు ఒప్పుకున్నాడు. పుస్తకాలు నేర్పిన పద్ధతిలో యంత్రం కాపాడుకోలేదు మరి. మనిషి కంటికి పిచ్చిగా కనిపించే ఎత్తులేసింది. బ్రౌన్ వారం రోజులు కూర్చుని సాధన చేసి మళ్లీ వచ్చాడు. ఈసారి యాభయ్యో ఎత్తులో ఏనుగును కొట్టాడు. సరిగ్గా యాభయ్యో ఎత్తులో! ఆ వారం ఆయన బల్ల దగ్గర ఏం జరిగిందో చూడాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

నా సంగతికొస్తే, మైత్రీవనం వెనక సందులో ముగ్గురం కలిసి ఉన్న గది. పగలు ఒరాకిల్ క్లాసు, రాత్రి చదరంగం. ముగ్గురం చందాలేసుకుని కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్, 40 గిగాబైట్ల డిస్కు. యూజీన్ నలిమోవ్ తయారుచేసిన టేబుల్‌బేసులు ఐదు పావుల వరకూ కలిపి దాదాపు 7 గిగాబైట్లు. సీడీల్లోంచి ఒక్కొక్కటీ ఎక్కించేసరికి రెండు రాత్రులు పట్టింది. డిస్కులో ఆరో వంతు నా రాజులకూ బంట్లకూ పోతే, సినిమాలకు చోటు చాలక మిగతా ఇద్దరూ నాతో నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు.

తీరా పెట్టాక ప్రోగ్రామ్ నత్తలా తయారైంది. కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. ఫైళ్లు పెద్దవి కాబట్టి ఆలస్యం అనుకున్నాను. కాదు. అదే డిస్కు మీద రెండు గంటల సినిమా ఎక్కడా ఆగకుండా ఆడేది. సినిమా వరసగా ఉంటుంది. డిస్కును చదివే ముల్లు దాదాపు ఉన్నచోటే ఉండి చదువుకుంటూ పోతుంది. టేబుల్‌బేసులో అడిగే స్థితి ఒకటి ఇక్కడ ఉంటే తర్వాతిది ఎక్కడో ఉంటుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్ల పైచిలుకు. ముల్లు జరగాలి, కావలసిన చోటు తిరిగొచ్చి దాని కిందికి చేరాలి. అంతా కలిపి పది, పన్నెండు మిల్లీసెకన్లు. అంటే సెకనుకు వంద ప్రశ్నలు అడగడమే గగనం. డిస్కును అడక్కుండా సొంతంగా లెక్కేసుకుంటే ఆ ఒక్క సెకనులో ప్రాసెసర్ లక్షల స్థితులు చూసేస్తుంది. సత్యం పూర్తిగా తెలిసిన ప్రోగ్రామ్, ఏమీ తెలియని ప్రోగ్రామ్ చేతిలో ఓడిపోవడం నా కళ్లారా చూశాను. జవాబు కోసం అటక ఎక్కి దిగడంలోనే దాని గడియారం అయిపోయింది.

అయితే ఆ ఆలస్యంలో ఒక చప్పుడుండేది. బోర్డు మీద ఇంకా పదీ పన్నెండు పావులుండగానే, ప్రోగ్రామ్ తన ఊహలో మార్పిడులు చేసుకుంటూ పోయి ఐదు పావుల దగ్గర తేలేది. అక్కడ డిస్కును అడిగేది. గరగర, గరగర, అటక మీద ఎలుక పడ్డట్టు. "నీ చదరంగం పాడుగాను, పడుకోనియ్యవా" అని మంచం మీంచి తిట్లు. నాకు మాత్రం ఆ గరగర ఒక కబురు. ఆట ఇంకా నడి మధ్యలోనే ఉన్నా, ముగింపు దాని చూపుకు ఆనింది. చప్పుడు వినగానే నేను తెర మీది అంకెలు చూడటం మానేసి, ఇప్పుడు ఏ మార్పిడి గురించి ఆలోచిస్తోందా అని బోర్డు వైపు వంగేవాణ్ని. ముగింపు ఆటలో నాకొచ్చిన కాస్త ఆ చప్పుడే నేర్పింది.

2013లో రోనాల్డ్ డి మాన్ సిజిజీ టేబుల్‌బేసులు తెచ్చాక కథ మారింది. నలిమోవ్ పద్ధతిలో 1.2 టెరాబైట్లు తినే ఆరు పావుల సంగతి ఈయన 150 గిగాబైట్లలో సర్దాడు. అంతకన్నా నాకు నచ్చింది సరుకును రెండుగా విడదీయడం. గెలుపా, డ్రానా, ఓటమా అని మాత్రమే చెప్పే ఫైళ్లు ఒక పక్క, దాదాపు 68 గిగాబైట్లు. గెలుపు వైపు ఎటు నడవాలో చూపేవి ఇంకో పక్క. వెతుకులాటలో ప్రోగ్రామ్‌కు మొదటివే చాలు. రెండోవాటి అవసరం బోర్డు నిజంగా ఆరు పావులకు దిగాకే. అమీర్‌పేట జిరాక్స్ షాపాయన కూడా అంతే: రోజూ పదిమంది అడిగే జావా మెటీరియల్ కౌంటర్ మీదే, ఏడాదికొకడు అడిగేది పైన అట్టపెట్టెలో.

ఇవి చాలక మరో మీట కూడా ఉంది, ఎంత లోతు వెతుకులాట మిగిలి ఉంటే డిస్కును అడగాలన్నది. ఆ అంకె పెంచితే చిల్లర ప్రశ్నలు ఆగిపోతాయి. మావాడు దాన్ని ఒకటి దగ్గరే ఉంచాడు. ప్రతి చిన్నదానికీ డిస్కును లేపుతుంటే మొద్దువారక ఏమవుతుంది?

మనుషులకీ ఈ జబ్బుంది. 2024 డిసెంబరు 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి ఆట. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం పిల్లాడు గుకేశ్ ఒక బంటు ఎక్కువతో లాగుతున్నాడు. అతని వెనక బృందంలో మన గుంటూరు హరికృష్ణ. డ్రా అనే అందరం అనుకుంటున్నాం. 55వ ఎత్తులో ఎదుటి ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగుల మార్పిడికి దిగాడు. ఏనుగులు పోతే శకటులూ పోక తప్పదు, మిగిలేది రాజులూ బంట్లూ. అది ఓటమని డింగ్‌కు తెలియదని ఎవరంటారు? తెలిసిందే ఆ క్షణాన చేతికి రాలేదు. మూడెత్తుల్లో ఆట అయిపోయింది.

మావాడి ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలో చోటు చేయడానికి కాస్త బేరం నడిచింది. ఏవో సిరీసులు పోయాయి. గెలుపు-ఓటముల ఫైళ్లు లోపలికి మార్చి, దారి చూపేవాటిని బయటి డిస్కులోనే వదిలాం. 510 టేబుల్‌బేసులు దొరికాయని తెర మీద పడింది. ఆట పెట్టాం. అంకెలు పరుగెత్తుతున్నాయి. నేను అలవాటుకొద్దీ చెవి దగ్గర పెట్టాను. ఎస్‌ఎస్‌డీకి ముల్లూ లేదు, చప్పుడూ లేదు.

"ఏం వింటున్నవ్ మామయ్యా?"

"ఏం లేదురా, ఆడు."

పన్నెండు పావులు, తొమ్మిది, ఏడు. టీ చల్లారిపోయింది. వాడు బంటును కొట్టాడు, ఆరు మిగిలాయి. టేబుల్ అంచున పెట్టిన బయటి డిస్కు నిద్రలేచి గర్రుమంది. వాడు ఉలిక్కిపడి దాని మీద చెయ్యేశాడు.

"అదేంది?"

"వచ్చేసినం" అన్నాను.