వలస కుటుంబాల నవలల్లో నామౌచిత్యం: రెండు ఆసియన్-అమెరికన్ నవలల పరిశీలన

ఉపోద్ఘాతం

క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో నామౌచిత్యాన్ని ఒక ప్రత్యేక భేదంగా పేర్కొన్నాడు. దేశ, కాల, కులౌచిత్యాలను వేరుగా చెప్పాడు. వలస కుటుంబాల నవలల్లో ఈ నాలుగూ ఒక్క పేరులోనే కలుస్తాయి. తల్లిదండ్రుల దేశం ఒకటి, బిడ్డ పుట్టిన దేశం మరొకటి. ఇంటి ఆచారం ఒకటి, కార్యాలయాల నియమం మరొకటి. అందువల్ల అటువంటి పాత్రకు సహజమైన ఆసియా పేరు ఏదన్న ప్రశ్నను నామకోశం చూసి తేల్చలేం. ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఏ నిర్బంధంలో పెట్టారో విచారించాలి. ఈ వ్యాసం ఆ విచారణకు ఒక ప్రయత్నం.

కోశదృష్టి పరిమితి

జె.కె. రౌలింగ్ ‘హ్యారీ పాటర్’ నవలల్లోని చో చాంగ్ అనే పేరు విమర్శకు గురైంది. రెండు ఇంటిపేర్లను కలిపి ఒక వ్యక్తిపేరుగా చేశారన్నది ఆక్షేపణ. చైనా మాండలికాల ఉచ్చారణను బట్టి ‘చో’ వ్యక్తినామం కాగలదన్నది సమర్థన. వాదం ఎటు తేలినా మూలసమస్య తీరదు. ఆ పేరు ఆమెకు ఎలా వచ్చిందో నవలలు చెప్పవు. ఉపపాత్ర చరిత్రంతా చెప్పనక్కరలేదన్న మాట నిజమే. కానీ చరిత్ర లేనిచోట పేరు ఒక్కటే జాతిచిహ్నంగా మిగులుతుంది. పాఠకుల అనుమానమంతా దానిమీదే నిలవడానికి కారణమదే.

బెంగాలీ ఇంట రష్యన్ పేరు

ఝుంపా లాహిరి ‘ది నేమ్‌సేక్’ (2003) నవలలో పేరు పెట్టడమే కథాబీజం. బెంగాలీలకు ఇంట్లో పిలిచే డాక్‌నామ్ ఒకటి, లోకానికి చెప్పే భాలోనామ్ ఒకటి. రెండవది నిదానంగా నిర్ణయించుకోవచ్చు. అషిమా, అశోక్ గంగూలీల కుమారుడికి పేరు నిర్ణయిస్తూ కుటుంబంలోని వృద్ధురాలు కలకత్తా నుంచి రాసిన ఉత్తరం అమెరికా చేరదు. ఆసుపత్రివారు పేరు లేకుండా బిడ్డను ఇంటికి పంపరు. ఒకనాటి రైలు ప్రమాదంలో అశోక్ బతికి బయటపడటానికి కారణమైన పుస్తకం రచయిత గోగోల్. ఇంటికి పరిమితం కావలసిన ఆ పేరు జనన ధ్రువీకరణ పత్రంలోకి ఎక్కుతుంది. తరువాత బడిలో ‘నిఖిల్’ అని నమోదు చేయించాలన్న ప్రయత్నమూ విఫలమవుతుంది. చివరికి అతడే న్యాయస్థానంలో ఆ పేరును పొందుతాడు.

బెంగాలీ నామకోశంలో ‘గోగోల్’కు చోటుండదు. అయినా 1968లో అమెరికాలో కాపురమున్న ఆ ఒక్క కుటుంబానికే అది సాధ్యమైన పేరు. చెల్లెలు పుట్టినప్పుడు ఆ దంపతులు ఇంటికీ లోకానికీ కలిపి ‘సోనాలీ’ అని ఒకే పేరు పెడతారు. ఒక ఆచారం ఒకే తరంలో, ఇద్దరు పిల్లల మధ్య, ఎలా మారిపోయిందో ఆ నిర్ణయం చెబుతుంది.

ఇంగ్లీషు పేరులో చైనా ఆచారం

ఏమీ టాన్ ‘ది జాయ్ లక్ క్లబ్’ (1989) మరో కోణాన్ని చూపుతుంది. లిండో జోంగ్ తన కొడుకులకు విన్‌స్టన్, విన్సెంట్ అని పేర్లు పెట్టడానికి ఆ శబ్దాల్లో ఆమెకు గెలుపు, సంపాదన వినిపించడమే కారణం. కూతురికి శాన్‌ఫ్రాన్సిస్కోలో తాము నివసించిన వీధి పేరు ‘వేవర్లీ’ పెడుతుంది. మాటలు ఇంగ్లీషువి; పేరులో శుభార్థాన్ని వెదికే ఆచారం చైనాది. జింగ్-మేయ్ పేరులోని ‘మేయ్’ చెల్లెలన్న అర్థాన్నిస్తుంది. చైనాలో వదిలివచ్చిన అక్కల స్మృతి అందులో ఉన్నదని ఆమెకు నవల చివర తండ్రి మాటల వల్ల తెలుస్తుంది. ఇంట బయట ‘జూన్’గా చలామణి అయ్యే అమ్మాయికి తన అసలు పేరు అర్థం కావడానికి తల్లి మరణించవలసివచ్చింది.

తెలుగు అన్వయం

ఈ పరిశీలన మనకు పరాయిది కాదు. అత్తగారి పేరును కూతురికి పెట్టి, ఆ పేరుతో పిలవలేక కోడలు వేరే ముద్దుపేరు పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. ముందుండే ఇంటిపేరు అమెరికా దరఖాస్తులో చివరికి చేరుతుంది. ‘వెంకట సత్యనారాయణ’ ఊళ్లో సత్యం, ఆఫీసులో వెంకట. అతని కూతురు రెండు భాషల నోళ్లకూ నలిగే ‘మాయ’ కావచ్చు. ప్రవాస తెలుగు కథలను పరిశోధించేవారు పాత్రనామాల అర్థవివరణతో ఆగిపోతే ఈ మార్పులేవీ కనిపించవు.

అనువాదకుడికీ ఇదే చిక్కు. టాన్ నవలలో ఆన్-మేయ్ ఇంటిపేరు హెచ్, ఎస్, యు అక్షరాలతో ఉంటుంది. అది చైనా 1958లో పిన్‌యిన్ లిపివిధానాన్ని ఆమోదించడానికి ముందునుంచీ ఉన్న పాత పద్ధతి; పిన్‌యిన్‌లో అదే ఇంటిపేరు ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది. వలస వచ్చిన కాలాన్ని ఆ వర్ణక్రమం సూచిస్తుంది. తెలుగులో ‘షూ’ అని రాస్తే ఉచ్చారణ దక్కుతుంది, ఆ కాలసూచన పోతుంది.

ముగింపు

పై రెండు నవలల్లోనూ పేరు ఔచిత్యం దాని వెనుక ఉన్న నిర్ణయంలో ఉంది. కాబట్టి వలస కథల్లోని పాత్రనామాన్ని విశ్లేషించేటప్పుడు నామదాత, కాలం, నమోదైన చోటు, ఇంటిపిలుపు అనే నాలుగు అంశాలను వేరువేరుగా గుర్తించడం అవసరం. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ ఆధారం చూపని ప్రధానపాత్ర పేరు, ఆ భాషలో ఎంత ప్రసిద్ధమైనదైనా, ఔచిత్యాన్ని సాధించినట్లు కాదు.