వరుసలో ఆఖరి మనిషి

గోదావరి జిల్లాల వాళ్లం పల్లపు మనుషులం. ధవళేశ్వరం ఆనకట్ట దాటితే సముద్రం దాకా నేల చాప పరిచినట్టే ఉంటుంది. వరిచేలు, కొబ్బరితోటలు, కాలవ గట్లు. ఈ నేల మీద పుట్టి పెరిగిన వాళ్లు కొందరు ఇప్పుడు ఆదివారం తెల్లారకుండానే బూట్లు కట్టుకుని కోరుకొండకో, గుంటుపల్లికో, మారేడుమిల్లి అడవికో గుంపుగా బయల్దేరుతున్నారు. రమ్మని పిలిచేవాళ్లకు జీతం లేదు. వచ్చేవాళ్లకు ఫీజు లేదు. బండి ఖర్చు తలా కొంత వేసుకుంటారు, తిండి ఎవరిది వాళ్లు కట్టుకొస్తారు, దారి చూపేవాడు కూడా అందరితో పాటే తన వాటా ఇస్తాడు. రాజమండ్రిలో అలాంటి చిన్న బృందం ఒకదానితో కొన్నేళ్లుగా నడుస్తున్నాను. ఈ వారం ఆ నడక గురించే రాస్తాను.

"కొండెక్కితే ఏమొస్తుందండీ?" అని చాలామంది అడుగుతారు. ఆరోగ్యం అని చెబితే ఒప్పుకుంటారు గానీ, ఆరోగ్యానికైతే ఇంటి వెనక వీధి చాలు. కొండకు వెళితే మనకు మనుషులు దొరుకుతారు. మన జిల్లాల్లో ఈ రోజున అంతకన్నా కరువైనది ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఎందుకంటున్నానో చెబుతాను. కార్తీకమాసం వస్తే మనకు వనభోజనాలు. ఉసిరిచెట్టు నీడన ఊరంతా కలిసి తినాల్సిన పండగ అది. ఇప్పుడు ఏ తోటలో చూసినా ఏ కులం వనసమారాధన ఆ కులానిదే. దారి పొడవునా ఫ్లెక్సీలు, సంఘాల పేర్లు, నాయకుల ఫొటోలు. పక్కపక్క తోటల్లో రెండు కులాల వాళ్లు ఒకే పూట ఒకే రకం పులిహోర తిని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇంటికి వస్తారు. పెళ్లిలోనూ అంతే, సంతాప సభలోనూ అంతే. రోజంతా మనవాళ్లే అనుకున్న వాళ్ల మధ్యే తిరిగి, తక్కిన ఊరితో కొనడం అమ్మడం తప్ప వేరే పని లేకుండా ఒక జీవితం గడిచిపోతుంది.

మా నడకకు పేరు ఇచ్చేటప్పుడు అడిగేవి కొన్నే: పేరు, వయసు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, ఇంట్లో ఎవరికి కబురు చెయ్యాలో వాళ్ల నంబరు. ఇంటిపేరు అడగం. గోదావరి జిల్లాల్లో ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ రెండూ చెప్పినట్టే. అడగకూడదని ఎవరో పెద్దవాళ్లు మొదట్లోనే పెట్టిన నియమం అది. దాని విలువ నడిచాకే తెలిసింది. రిటైరైన లెక్కల మేస్టారు, కడియం నర్సరీలో అంట్లు కట్టే కుర్రాడు, బ్యాంకు ఉద్యోగిని, ఇంజనీరింగు విద్యార్థులు, ఆటో నడిపే ఆయన, అందరూ ఒకే కాలిబాట మీద ఒకరి వెనక ఒకరు నడుస్తారు. రాళ్ల దగ్గర పైనున్నవాడు చెయ్యి చాపితే కింద ఉన్నవాడు పట్టుకుంటాడు. ఆ క్షణంలో ఆ చెయ్యి ఎవరిదని ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఇలా నడిపించడం ఒక విద్య. పైకి కనిపించేది ముందు నడిచేవాడే. దారి తెలిసినవాడు, మలుపు దగ్గర ఆగేవాడు, మేం లీడ్ అంటాం. ఈ విద్య సారమంతా మాత్రం ఆఖరున నడిచే మనిషి దగ్గర ఉంది. అతన్ని స్వీప్ అంటాం. అతని వెనక ఎవరూ ఉండకూడదు, అదే అతని ఉద్యోగం. ఎవరైనా ఆగితే ఆగుతాడు, కూర్చుంటే కూర్చుంటాడు. మామూలుగా బృందం మొత్తంలో బాగా నడవగలవాణ్ని ఆఖరున పెడతాం, ముందు కాదు.

ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు: మామూలు నేల మీద 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరో గంట. అది చల్లటి దేశంలో గట్టి కాళ్ల వాళ్లకు వేసిన లెక్క. మా ఉక్కలో, మొదటిసారి వచ్చినవాళ్లతో, దానికి సగం మళ్లీ కలుపుకుంటాం. ఆ వచ్చిన సమయం కూడా మాలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టే మారుతుంది.

ఆగడంలోనూ ఒక పద్ధతి ఉంది. చురుకైన వాళ్లు ముందు వెళ్లి చెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి "అందరూ వచ్చేశారుగా, పదండి" అని లేస్తారు. విశ్రాంతి అక్కర్లేని వాళ్లకే విశ్రాంతి దొరుకుతుంది, కావలసిన వాళ్లకు ఒక్క నిమిషం దక్కదు. అందుకే మా దగ్గర విరామం ఆఖరి మనిషి వచ్చాకే మొదలవుతుంది. వచ్చినవాళ్లు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, "పదండి" అనాలి. ఆ మాట అనే అధికారం ఇంకెవరికీ లేదు. ఈ ఒక్క నియమం పాటిస్తే బృందం బృందంగా ఉంటుంది. ఇది తప్పితే ఒకే దారిన పోతున్న పదిమంది మాత్రమే మిగులుతారు.

కోరుకొండ మెట్ల మీద ఒక ఉదయం నాకు బాగా గుర్తు. లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్లే ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, ఎక్కుతుంటే పైన గోపురం దగ్గరవుతున్నట్టే ఉండదు. కుట్టుమిషన్ షాపు నడిపే ఒకావిడ, యాభై దాటిన మనిషి, సగంలో గట్టు మీద కూలబడిపోయింది.

"మీరెళ్లండి బాబూ. నేనిక్కడే కూర్చుంటాను, దిగేటప్పుడు కలుస్తాను."

ఆ రోజు ఆఖరున నడుస్తున్నది ఇంజనీరింగు చదివే కుర్రాడు. రండి రండి అని తొందర పెట్టలేదు, ధైర్యం చెప్పలేదు. పక్కనే కూర్చుని సంచి దించాడు.

"నాకూ ఎండ తగిలిందండి పిన్నిగారూ, కాసేపు ఉందాం. మజ్జిగ తాగుతారా?"

ఇద్దరూ మజ్జిగ తాగారు. ఆవిడ తన కూతురి చదువు గురించి చెప్పింది, ఆ కుర్రాడు హాస్టలు తిండి గురించి చెప్పాడు. తర్వాత ఆవిడే లేచింది. పదేసి మెట్లకు ఒకసారి ఆగుతూ పైకి వచ్చింది. పైన వాళ్ల కోసం ఎదురుచూస్తున్న మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చిన రోజున ఆఖరున నడిచేది ఆవిడే. ఎక్కడ కాళ్లు మొరాయిస్తాయో, ఎక్కడ మనిషికి సిగ్గేస్తుందో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆవిడకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు.

జీతం ఇచ్చి గైడును పెట్టుకుంటే ఆవిడ ఆ రోజు పైకి వచ్చేది కావచ్చు. ఇవాళ ఇంకొకరిని పైకి తెచ్చే మనిషి మాత్రం అయ్యేది కాదు. స్వచ్ఛందంగా నడిపే బృందానికీ టూరు కంపెనీకీ ఉన్న తేడా అది. డబ్బు కట్టినవాడికి సేవ అందగానే లెక్క సరిపోతుంది. ఊరికే చెయ్యి అందుకున్నవాడికి అది తీరని బాకీలా ఉండిపోయి, మరొకరికి చెయ్యి అందించే దాకా ఊరుకోనివ్వదు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కనుమ రోజు కోనసీమకు వెళ్లి చూడండి. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, గంటలు కట్టిన ఆ ఎత్తయిన ప్రభలను ఊరివాళ్లు భుజాల మీద మోస్తారు. రోడ్డు వదిలి పచ్చటి చేలకు అడ్డంగా నడుస్తారు. పంట తొక్కారని ఏ రైతూ బాధపడడు, తన చేలోంచి ప్రభ వెళ్లడం శుభమనుకుంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే నిండు కౌశిక ఏటిని దాటాలి. నీళ్లలో ఉన్నవాళ్ల అడుగు ఒక్కసారి తడబడితే ప్రభ ఒరుగుతుంది. అందుకే మోసేవాళ్లు ఎంత ముఖ్యమో, చుట్టూ తాళ్లు పట్టుకుని బరువు సరిచూసేవాళ్లూ అంత ముఖ్యం. వాళ్లలో ఎవరూ కూలికి రాలేదు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధుల్లో నడిచింది ఈ ప్రభల తీర్థమే. కలిసి నడవడం ఎలాగో నేర్చుకోవడానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. ఏడాదికి ఒక రోజు చేసేదాన్ని ప్రతి ఆదివారానికీ తెచ్చుకుంటే చాలు.

బయటి ప్రపంచంలోనూ ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న 13 మందితో మొదలైన పార్క్‌రన్ అనే సామూహిక పరుగు ఇప్పుడు ఎన్నో దేశాల్లో ప్రతి వారం జరుగుతోంది. అందరికన్నా వెనక నడవడానికి అక్కడ ఒక వలంటీరును ప్రత్యేకంగా పెడతారు. వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కాకూడదని వాళ్ల నియమం. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ హిమాలయాల్లో నడిపే శిబిరాలకు క్యాంపు లీడర్లుగా వెళ్లేది సొంత పని మానుకుని వచ్చే సభ్యులే. మన తెలుగువాళ్లలో ఎందరికో మంచుకొండను మొదట చూపించింది ఆ శిబిరాలే. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ కూడా లాభం చూసుకోకుండా సభ్యుల చేతి మీదుగా నడుస్తున్నదే.

మనసు మంచిదైతే సరిపోదు. మనిషి మంచితనం చూసి దారి ఇచ్చేది కాదు అడవి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. మన ఏజెన్సీ అడవులూ ఫిబ్రవరి దాటితే ఎండుటాకుతో నిండిపోతాయి. అందుకే మేం అక్టోబరు నుంచి జనవరి దాకానే అడవికి వెళతాం, ఎండాకాలమంతా కాలవ గట్టుకే పరిమితమవుతాం. వానల్లో జలపాతాల జోలికి పోము. పైన ఎక్కడో కురిసిన వానకు కింద వాగు చూస్తుండగానే పొంగుతుంది. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అనుమతి కాగితం లేకపోతే నడక లేదు, ఎంతమంది పేర్లిచ్చినా సరే.

అన్నింటికన్నా పెద్ద నియమం తలల లెక్క. బయల్దేరేటప్పుడు, ప్రతి మలుపు దగ్గర, వాగు దాటాక, బండి ఎక్కేటప్పుడు లెక్కపెడతాం. కొత్తవాళ్లకు ఇది విసుగ్గా ఉంటుంది. వాళ్లకు 2019 సెప్టెంబరు 15ను గుర్తు చేస్తాను. కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగిన రోజు. అందులో ఎందరున్నారన్న లెక్క ఆ తర్వాత రోజుల తరబడి మారుతూ వచ్చింది. గట్టు మీద నిలబడి ఎదురుచూసిన కుటుంబాలకు ఆ లెక్క ఎంత అవసరమో గోదావరి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మనతో వచ్చిన ప్రతి మనిషీ మన లెక్కలో ఉండాలి.

కొండ మీదికి వెళితే మనం అతిథులం. పాపికొండల చుట్టూ, మారేడుమిల్లి దారిలో కొండరెడ్లు, కోయదొరలు ఉంటారు. అది వాళ్ల ఇల్లు, ఆ కాలిబాట వాళ్లు వేసినదే. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల ద్వారా గిరిజనులే వచ్చినవాళ్లకు వసతి చూసే ఏర్పాటు ఉంది. మాలో ఎవరూ డబ్బు తీసుకోరు గానీ, మాకు దారి చూపే గిరిజన యువకుడికి కూలి ముందుగానే మాట్లాడి, పూర్తిగా ఇస్తాం. మన సరదాకు వాళ్లు ఉచితంగా పని చెయ్యాలనుకోవడం సేవ అనిపించుకోదు. వాళ్ల గుడిసెల ముందు అడక్కుండా ఫొటోలు తియ్యం. మనం తెచ్చిన ప్లాస్టిక్ మనతోనే దిగాలి. దారిలో కనిపించిన పాత సీసాలు కూడా ఏరి సంచిలో వేసుకుని దిగుతాం.

గుంటుపల్లి వెళ్లిన రోజుల్లో భోజనం కొండ మీదే. రాతిని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, కప్పులో చెక్క వాసాల్లా మలిచిన రాతి వాసాలు, రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వానాకాలం తలదాచుకున్న గుహలు చూసి, బయట చెట్ల కింద కూర్చుంటాం. డబ్బాలన్నీ మధ్యలో పెట్టి మూతలు తీస్తాం. పులిహోర, ఆవకాయ అన్నం, చపాతీలు, వేపుడు, పెరుగన్నం. ఎవరి డబ్బా ఏదో రెండు నిమిషాల్లో ఎవరికీ గుర్తుండదు. మేస్టారు నర్సరీ కుర్రాడి డబ్బాలోంచి తింటారు, ఆ కుర్రాడు బ్యాంకు ఉద్యోగిని తెచ్చిన ఊరగాయ ఇంకొంచెం వేయించుకుంటాడు. ఒకప్పుడు మన ఊళ్లలో ఇది ఎంత అసాధ్యమైన దృశ్యమో ఆలోచించండి. ఉపన్యాసాలతో, తీర్మానాలతో రానిది కలిసి కొండెక్కిన ఆకలి వల్ల వచ్చింది.

అలాగని కొండెక్కితే కులం పోతుందని నేను చెప్పను. సోమవారం పొద్దున్న ఎవరి వీధికి వాళ్లం వెళతాం. కానీ ఆ వీధుల మధ్య ఇప్పుడు ఫోన్లు నడుస్తున్నాయి. ఒకరింట్లో ఆపరేషన్ ఉంటే రక్తం ఇవ్వడానికి వచ్చేది నడక మిత్రులు. ఒకరి పిల్లకు ఫీజు కట్టాల్సి వస్తే చందా వేసుకున్నది నడక మిత్రులు. ఊరంటే అదే కదా.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నాది ఒకటే మనవి. మీ ఊళ్లోనూ ఇది మొదలుపెట్టండి. కొండ దగ్గర్లో లేకపోతే కాలవ గట్టుంది, ఏటిగట్టుంది, తీరం ఉంది. ధవళేశ్వరం నుంచి కడియం వైపు గట్టు మీద పొద్దున్నే నడిస్తే చాలు, మొదటి పాఠం వచ్చేస్తుంది. మీ వీధి దాటి పదిమందిని పిలవండి. ఇంటిపేరు అడక్కండి. లీటరు నీళ్లు, ఒక టోపీ, నలుగురికి సరిపడా తిండి తెమ్మనండి. తలలు లెక్కపెట్టండి. ముందు నడవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. మీరు మాత్రం ఆఖరున నడవండి.