అమ్ము ఒకడిది, పోగులు ఊరందరివి

ఖరగ్‌పూర్‌లో టాటానగర్ వైపు లోకల్ ఎక్కితే నింపురా, కలైకుండా, ఖేమాశూలి, సర్దిహా దాటి ఝార్‌గ్రామ్ చేరడానికి 40 కిలోమీటర్లు. కలైకుండా వదిలాక పట్టాలకు రెండు పక్కలా ఎర్రమట్టి, సాల చెట్లు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మా తెలుగు పిల్లలకు అడవి అంటే ఇదే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వచ్చిన తాతలు వర్క్‌షాపులోనూ లోకో షెడ్డులోనూ కుదురుకున్నారు. చుట్టూ ఉన్న అడవి మాత్రం అంతకు ఎంతో ముందు నుంచీ సంతాలీలది, లోధాలది, ముండాలది.

ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఆ పల్లెల్లో తండ్రులు, ఈడొచ్చిన కొడుకులు కలిసి విల్లంబులతో అడవికి కదిలే ఆచారం ఉంది. సంతాలీలు దాన్ని సెంద్రా అంటారు. బెంగాలీ పత్రికలు శికార్ ఉత్సవ్ అని రాస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. జంతువును చంపడమే కాదు, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. మరి నేరమైన పనిలో నేర్చుకోదగ్గది ఏముంటుంది? తండ్రి కొడుక్కి ఏమేం నేర్పేవాడో ఒక్కొక్కటే చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ పాఠాల్లో అమ్ము వదలడం చాలా చిన్నది.

కాలం, కబురు

వేటకు ఈ కాలం ఊరికే కుదరలేదు. మాఘం వెళ్లేసరికి కోతలు, నూర్పిళ్లు ముగిసి మగవాళ్లకు తీరిక దొరుకుతుంది. సాల చెట్లు ఆకు రాల్చడంతో అడవిలో చూపు దూరం పారుతుంది. ఎండలు ముదిరేకొద్దీ గుంటలు ఎండిపోయి, జంతువులు మిగిలిన మడుగుల చుట్టూనే తిరుగుతాయి. ఇప్పపూలు రాలేదీ అప్పుడే. తెల్లవారుతూనే దుప్పులు చెట్ల కింద చేరి పూలు ఏరుకు తింటాయి. పంచాంగం, పొలం, అడవి మూడూ ఒక్కచోట కలిసే వారాలవి.

కబురు సాల కొమ్మతో వెళ్తుంది. కొమ్మకు ఎన్ని ఆకులు ఉంటే వేటకు అన్ని రోజులు ఉన్నట్టు. రోజుకొక ఆకు తుంచేస్తూ సంత నుంచి సంతకు, ఊరి నుంచి ఊరికి కొమ్మను తిప్పుతారు. కబురు పంపేది డిహ్రి. వేటకు పూజారీ అతడే, పెద్దా అతడే. అడవి దేవతలకు మొక్కు చెల్లించి, ఏ దిక్కున దిగాలో, రాత్రి ఎక్కడ మకాం వేయాలో అతడే నిర్ణయిస్తాడు. ఊళ్లో మునసబుగా పెత్తనం చేసేవాడైనా అడవిలో అడుగు పెట్టాక డిహ్రి మాట వినాల్సిందే. మగవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లు సిందూరం, గాజులు తీసేసి ఉండే ఆచారం చాలా చోట్ల ఉంది. వేటకు వెళ్లినవాడు తిరిగి రాకపోవచ్చని ఇల్లంతటికీ తెలుసు.

కాలు, ముక్కు, చెవి

పిల్లవాడికి విల్లు చిన్నప్పుడే చేతికిస్తారు. దుప్పి దగ్గరికి మాత్రం ఈడొచ్చాకే తీసుకెళ్తారు. దానికి బలం కన్నా ఓపిక కావాలి మరి. దుప్పి కంటికి దొరకకుండా దాక్కోవచ్చు గానీ ముక్కును మోసం చేయడం కష్టం. అందుకే తండ్రి ముందు గాలి చూపిస్తాడు. చిటికెడు మట్టి పొడి వదిలితే అది ఎటు వాలుతుందో చూసి, గాలికి ఎదురుగా నడవాలి. దగ్గర దారి అని గాలివాలున వెళ్లినవాడికి ఖాళీ పొద మిగులుతుంది.

తర్వాత కాలు. ఆకు రాలిన అడవిలో చూపు ఎంత సాగుతుందో చప్పుడూ అంత సాగుతుంది. ఎండుటాకు కింద పుల్ల విరిగితే అంతటితో ఆ ఉదయం ముగిసినట్టే. పాదం బయటి అంచు ముందు ఆనించి, కింద పుల్ల లేదని తెలిశాకే బరువు మోపాలి. మంచుకు ఆకు మెత్తబడి ఉండే వేకువనే నడక ముగించి, పొద్దెక్కాక మాటులో కూర్చోవాలి.

జాడ చదవడం పెద్ద చదువు. దుప్పి గిట్ట రెండు పాయలుగా, మొన తేలి పడుతుంది. అడవిపంది గుర్తులో గిట్ట వెనక రెండు చిన్న గోళ్ల అచ్చు కూడా కనిపిస్తుంది. పరుగెత్తిన జంతువు గిట్టల పాయలు విడివడతాయి, మట్టి వెనక్కి చిమ్ముతుంది. అంచు పదునుగా ఉంటే గుర్తు కొత్తది, అంచు రాలి అందులో ఆకు పడి ఉంటే పాతది. పెంటికలు తడిగా మెరుస్తున్నాయా, కొరికిన చిగురు వాడిందా, అని ఒక్కో గుర్తుకూ ఇంకో గుర్తు సాక్ష్యం చెప్పాలి. ఒక్క జాడ చూసి తొందరపడే కొడుకును తండ్రి అక్కడే ఆపి రెండోది వెతకమంటాడు.

ఇక చెవి. కొండముచ్చులూ దుప్పులూ ఒకదాన్నొకటి నమ్ముకుని మేస్తాయి. చెట్టు మీది కొండముచ్చు దూరం చూస్తుంది, తెంపిన చిగుళ్లు కిందికి జారవిడుస్తుంది. కింద దుప్పి వాసన పడుతుంది. ఏది ముందు కేక పెట్టినా రెండోది పరుగు తీస్తుంది. కాబట్టి వేటగాడు తప్పించుకోవాల్సింది రెండు జాతుల కళ్లను. ఏ కేక పులికి, ఏది మనిషికి, ఏది ఊరికే పిల్లల గొడవకు అని తేడా పట్టడం మాటలతో చెప్పి నేర్పేది కాదు. తండ్రి పక్కన ఏళ్ల తరబడి నోరు మూసుకుని కూర్చోవాలి.

విల్లు వెదురుది. అల్లెతాడు కూడా చీల్చిన వెదురు బద్దే. అమ్ముకు ఊరి కమ్మరి చేసిన ఇనుప ములుకు ఉంటుంది, పిట్టలకు మొద్దు కర్ర మొన చాలు. సంతాలీ విలుకాడు బొటనవేలు వాడకుండా చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ అమ్ము పట్టి లాగుతాడు. అది ఏకలవ్యుడి మీద గౌరవమని చెప్పుకుంటారు. భారతం చదివి ఏకలవ్యుడి మీద జాలిపడేవాళ్లం మనం. ఆయన నష్టాన్ని తమ పద్ధతిగా మార్చుకున్నవాళ్లు వాళ్లు.

గుంపు వేటలో కొందరు డప్పులు, ఈలలతో పొదలు అదిలిస్తారు, కొందరు మాటు గీత మీద నిలబడతారు. గీత వైపు అమ్ము ఎక్కుపెట్టకూడదు, చోటు వదలకూడదు. దెబ్బ తిన్న జంతువు వెంట వెంటనే పరుగెత్తకూడదు. తరిమితే కోసుల దూరం పోతుంది, వదిలేస్తే కాసేపటికి ఎక్కడో కూలబడుతుంది. రక్తపు చుక్కల జాడన నెమ్మదిగా వెళ్లి దాని బాధ ముగించే దాకా కొట్టినవాడి పని పూర్తికాదు.

పోగులు వేసే చోట

నా మటుకు సెంద్రాను ఆచారం అనిపించుకునేలా చేసింది ఈ తర్వాతి ఘట్టమే. జంతువు పడ్డాక అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ప్రాణం తీసిన అమ్ముకు కాదు, మొదట గాయపరిచిన అమ్ముకు హక్కు. అలాగని అతడు మొత్తం మోసుకుపోడు. డిహ్రికి ఒక భాగం, తర్వాత కొట్టినవాళ్లకూ తోడు నడిచినవాళ్లకూ భాగాలు. పోగులు అందరి కళ్లముందూ వేస్తారు. తండ్రి కొట్టిన జంతువే అయినా కొడుకు వాటా కొడుకు నడిచిన నడకను బట్టే. ఆ పోగు అందుకున్న రోజున కుర్రవాడు ఊరి లెక్కలోకి వస్తాడు.

పెద్ద వేటల్లో రాత్రి మకాం దగ్గర లో బీర్ సమావేశం జరుగుతుంది. సంతాలీ సమాజానికి అదే పెద్ద న్యాయస్థానం. ఊళ్లో మాంఝీ, కొన్ని ఊళ్ల మీద పరగణా తీర్పు చెబుతారు. వాళ్ల తీర్పు నచ్చనివాడు లో బీర్‌కు వెళ్లొచ్చు, ఆ పెద్దల మీదే ఫిర్యాదు చేయొచ్చు. కులం నుంచి వెలివేసే బిట్లాహా శిక్షకు ఈ సభ సమ్మతి కావాలని వలస పాలన కాలపు అధికారి డబ్ల్యూ. జి. ఆర్చర్ సంతాలీ న్యాయపద్ధతుల మీద రాసిన గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు. పగలు ఒకే గీత మీద నిలబడినవాళ్లు రాత్రి ఒకే నేల మీద కూర్చుంటారు. పెద్ద, చిన్న తేడా అడవిలో ఎలాగూ పోయింది కాబట్టి తీర్పు అక్కడే నిలుస్తుందని వాళ్ల నమ్మకం.

మన వైపూ ఇదే వరస. పాడేరు, అరకు మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేసి మగవాళ్లు అడవికి పోతే, ఆడవాళ్లు దారులకు అడ్డం నిలిచి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ మామూలు వసూలు చేస్తారు. ఒట్టిచేతులతో తిరిగొచ్చిన మగవాళ్లకు వాళ్ల ఎగతాళి తప్పదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెంచు తిన్నడు వేటాడిన మాంసంలో మంచి ముక్కలు తాను రుచి చూసి మరీ శివుడికి తెచ్చిపెడతాడు. భక్తి కథగా మనం చదువుకున్నా, వేటగాడి ధర్మం అందులో స్పష్టంగా ఉంది: మేలైన వాటా తనది కాదు.

ఆచారం తెగిన చోట

ఇప్పుడు కొన్ని తిథుల్లో జరిగే మూకుమ్మడి వేటలను ఈ కొలతతో కొలిస్తే నిలబడవు. లోకల్ రైళ్లలో, ట్రక్కుల్లో, మోటారు సైకిళ్ల మీద వేల మంది దిగుతారు. ఒకరినొకరు ఎరగనివాళ్లకు డిహ్రి ఎవరు, గీత ఎక్కడ? ఖరగ్‌పూర్ చుట్టుపక్కల చుక్కల దుప్పి అరుదైపోయింది. దాంతో కుందేలు, ఉడుము, ముంగిస, అడవిపిల్లి, ఏది కదిలితే అది పడుతోంది. 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో కెమెరాకు పెద్దపులి చిక్కితే జిల్లా అంతా ఆశ్చర్యపోయింది. ఏప్రిల్ 13న, వేటల రోజుల్లోనే, బాఘ్‌ఘోరా అడవిలో బల్లెపు దెబ్బలతో చచ్చి పడి ఉంది. ఆ పులికి పోగులు వేసినవాళ్లు లేరు, మేం కొట్టామని లో బీర్‌లో లేచి నిలబడినవాళ్లూ లేరు. కలకత్తా హైకోర్టు ఇలాంటి వేటలు ఆపమని ఆదేశించింది. ఆ తిథుల్లో అటవీ సిబ్బంది, పోలీసులు స్టేషన్ల దగ్గర, అడవి దారుల్లో కాపు కాస్తున్నారు.

ఆదివాసుల పక్షాన వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఈ విషయంలో మెత్తబడలేదు. తేనె, ఇప్పపువ్వు, వెదురు, భూమి మీద హక్కులు గుర్తిస్తూనే, సంప్రదాయ వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. అది అన్యాయమని వాదించేవాళ్లు ఉన్నారు. అడవిని నరికి స్లీపర్లకూ గనులకూ వాడుకున్నది ఎవరు, నింద మోస్తున్నది ఎవరు అని వాళ్లడిగే ప్రశ్నకు రైలు జీతంతో బతికిన మా లాంటి ఊరు తల దించుకోవాల్సిందే. అయినా, మిగిలిన నాలుగు జంతువులనూ ఆ వాదన బతికించలేదు.

వాటా ఉంటే

వేటను నిషేధించిన 1972 ప్రాంతంలోనే మిద్నాపూర్‌కు ఉత్తరాన ఆరాబారీలో ఇంకో ప్రయోగం మొదలైంది. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ, చుట్టూ ఉన్న 11 ఊళ్లలో 618 కుటుంబాలను పిలిచి, నరికివేతతో బోడైపోయిన 1,272 హెక్టార్ల సాల అడవికి కాపు ఉండమన్నాడు. బదులుగా పని ఇచ్చాడు, కలప అమ్మకంలో 25 శాతం వాటా ఇస్తామన్నాడు. మొదళ్ల నుంచి చిగుళ్లు లేచి అడవి తిరిగొచ్చింది. 1990లో కేంద్రం దేశమంతటికీ ఉమ్మడి అటవీ యాజమాన్య మార్గదర్శకాలు ఇవ్వడానికి ఆరాబారీ ఒక పెద్ద దారి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు ఆ దారిలో వచ్చినవే. బెనర్జీ అడవి నడిమధ్య పెట్టింది కొత్త సూత్రం కాదు. పోగులు వేసే చోట సంతాలీ తండ్రి కొడుక్కి చూపించేది అదే: నడిచినవాడికి వాటా.

కాబట్టి జింకను చంపకుండా ఈ విద్య బతకదనే మాట నేను ఒప్పుకోను. నల్లమలలో చెంచులు ఇవాళ పులుల అభయారణ్యంలో కాపలాదారులు. జాడ చదివే కన్ను వాళ్లదే, జీతం అటవీశాఖది. సంక్రాంతికి సంతాలీలు బేఝా ఆడతారు. దూరాన పాతిన అరటి బోదెను అమ్ముతో కొట్టినవాణ్ని భుజాల మీద మోస్తారు. ప్రాణం తీయని విలువిద్య వాళ్లకు బయటినుంచి ఎవరూ నేర్పలేదు. ఝార్‌గ్రామ్‌లో ఇప్పుడు విలువిద్య అకాడమీ కూడా ఉంది.

లో బీర్ కూర్చోవడానికీ మాంసం అక్కర్లేదు. సాల కొమ్మ తిరగొచ్చు, డిహ్రి దిక్కు చెప్పొచ్చు, తండ్రీకొడుకులు వేకువన గాలి చూసి నడవొచ్చు. ఆ ఏడు ఆ అడవిలో ఎన్ని జాడలు కనిపించాయో రాత్రి సభలో లెక్క చెప్పొచ్చు. ఆ లెక్కకు అటవీశాఖ కూలి కట్టి, కాపు కాసిన ఊరికి అడవి రాబడిలో వాటా నికరంగా ఇవ్వాలి. వాటా ఇవ్వకుండా నిషేధం ఒక్కటే ఇస్తే, స్టేషన్లలో కాపలా ఏటా పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది.