తన్నడం మానిన అరపూట

1970 సెప్టెంబర్ 26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ 1,21,696 మందితో కిక్కిరిసిపోయింది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 44 పాయింట్లు ముందుంది. గోల్‌కి ఆరు పాయింట్లు కాబట్టి ఏడు గోల్స్‌ పైనే వెనకబాటు. ఫైనల్లో అంత తేడాను అప్పటిదాకా ఎవరూ పూడ్చలేదు.

డ్రెస్సింగ్ రూమ్‌లో కార్ల్‌టన్ కోచ్ రాన్ బరాసీ తన జట్టును ఆట తీరే మార్చమన్నాడు. బంతి దొరికితే తన్నకండి, హ్యాండ్‌బాల్ చేయండి, పరుగు ఆపకండి.

ఈ ఆటలో బంతిని విసిరితే ఫౌల్. కోలగా ఉండే బంతిని ఒక అరచేతిలో నిలిపి, రెండో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించాలి. అదే హ్యాండ్‌బాల్. అంతకుముందు చాలామంది దాన్ని ఇరుకున పడ్డప్పుడే వాడేవారు. బంతిని పైకి తంతే కింద రెండు జట్లవాళ్లూ గుమిగూడతారు, ఎత్తుగా ఎగిరినవాడిదే బంతి. చేత్తో అందిస్తే గాల్లో పోటీయే ఉండదు. వెనకనుంచి దూసుకొచ్చేవాడు వేగం తగ్గకుండానే బంతి అందుకుంటాడు, కాచుకున్నవాడు తిరిగేలోపు దాటిపోతాడు. బరాసీ ఇంకో పని కూడా చేశాడు. రిజర్వులో ఉన్న పంతొమ్మిదో ఆటగాడు టెడ్ హాప్కిన్స్‌ను దింపాడు. ఆ రోజుల్లో బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లడానికి లేదు, కాబట్టి అది తిరుగులేని నిర్ణయం. హాప్కిన్స్ నాలుగు గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచింది.

ఆధునిక ఫుట్‌బాల్ ఆ రోజే పుట్టిందంటారు. నేను అంతదూరం వెళ్లను. జీలాంగ్ ఆటగాడు గ్రాహం ఫార్మర్ అప్పటికే హ్యాండ్‌బాల్‌ను ఆయుధంగా మార్చాడు, కోచ్ లెన్ స్మిత్ ఆగకుండా పరుగెత్తే ఆటను బోధించాడు. బరాసీ గొప్పతనం వేరే. తెలిసిన విద్యనే, ఓడిపోతున్న వేళ, భయపడుతున్న కుర్రాళ్ల చేత చేయించగలిగాడు. కోచ్ పనిలో అంతకన్నా కష్టమైనది లేదని నా నమ్మకం.

ఆ పని ఆయన ఒక కోచ్ ఇంట్లోనే నేర్చుకున్నాడు. తండ్రి మెల్‌బోర్న్ క్లబ్ ఆటగాడు, 1941లో టొబ్రుక్ యుద్ధంలో చనిపోయాడు. తర్వాత బరాసీ లెన్ సోదరుడు, మెల్‌బోర్న్ కోచ్ నార్మ్ స్మిత్ ఇంట్లో ఉంటూ, ఆయన దగ్గరే ఆడి ఆరు ఫైనల్స్ గెలిచాడు. 1965లో కార్ల్‌టన్‌కు కెప్టెన్-కోచ్‌గా వెళ్లిపోతే మెల్‌బోర్న్ అభిమానులు తట్టుకోలేకపోయారు. కోచ్‌గా కార్ల్‌టన్‌కు 1968, 1970లో, నార్త్ మెల్‌బోర్న్‌కు 1975, 1977లో టైటిళ్లు తెచ్చాడు.

1981లో మెల్‌బోర్న్‌కు తిరిగొచ్చాక ఒక్క టైటిలూ రాలేదు. ఆ అయిదేళ్లను వైఫల్యమనడం నాకు నచ్చదు. గుండ్రటి బంతితో గేలిక్ ఫుట్‌బాల్ ఆడే ఐర్లండ్ కుర్రాళ్లను తెచ్చి ఈ ఆట నేర్పాలన్న ప్రయోగం అప్పుడే మొదలైంది. అలా వచ్చిన జిమ్ స్టైన్స్ 1991లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. అప్పటికి బరాసీ మెల్‌బోర్న్ కోచ్ పదవి వదిలి ఆరేళ్లయింది.